నాన్న తాగేవాడు కాదు

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టాలి కాబట్టి, నీ కోడలు బాగుంది, పిల్ల బాగుంది. నా సంగతి దాని వరసలో రాస్తాను. మీరిద్దరూ కూడా బాగున్నారని తలుస్తాను అని మాత్రం రాయలేను. చెల్లికి బాగాలేదని నీ ఉత్తరంలోనే ఉంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. షాపు నడుస్తోంది. ఎండలు ముదిరాయి గనక నీళ్ళ మోటార్లు వరసగా కాలి వస్తున్నాయి, వైండింగ్ చెయ్యడానికి చేతులు చాలడం లేదు. వానలు లేవు కాబట్టి పైకప్పు కారడమూ లేదు. పిల్ల లెక్కల్లో నాలాగే, మాటల్లో నీలాగే. ఇక నీ ఆఖరి ప్రశ్న, ఆ పాడు అలవాటు మళ్ళీ మొదలుపెట్టలేదు కదా అని. మళ్ళీ కాదు, అసలెప్పుడూ మొదలుపెట్టలేదు.

నాకు మాటలు తక్కువని నీకు తెలుసు. ఏ రోజు లెక్క ఆ రోజు రాసి మూసేస్తాను, అంతకు మించి కలం పట్టను. ఈసారి కోపంతో పట్టాను. మర్యాద తప్పితే తప్పనీ.

మొదటిసారి నా కడుపులో పుండు చిల్లుపడి కుట్లు వేయించుకున్నప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకో. మత్తు పూర్తిగా దిగకముందే మంచం పక్కన నిలబడి, నా చెయ్యి తీసి నీ తల మీద పెట్టుకుని ఒట్టు వెయ్యమన్నావు. నేను తాగనే తాగనన్నాను. "మీ నాన్నదీ ఇదే మాట" అన్నావు. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చుని మరీ విన్నారు. నీ ఏడుపు ఆపడానికి మానేస్తానని ఒట్టేశాను. పట్టుకోనిదాన్ని వదిలేస్తానని ఒట్టేసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆనాటి నుంచి మావాడు తాగుడు మానేశాడని చుట్టాలందరికీ మురిసిపోతూ చెప్పావు. మీ అన్నయ్య, అదే మావయ్య, ఎదురుపడ్డప్పుడల్లా భుజం తట్టి శభాష్ అనేవాడు.

పుండు మాత్రం మళ్ళీ వచ్చింది. మాత్రలు వేసుకుంటే అణిగేది, ఆపితే లేచేది. కారం మానేశాను, పులుపు మానేశాను. నీళ్ళ విరేచనాలు నన్ను మానలేదు.

ఒక మోటారు పదేపదే కాలి వస్తుంటే ఊరికే కాయిల్ మార్చి పంపడం దండగ, ఎందుకు కాలుతోందో చూడాలి. ఇక్కడి డాక్టరమ్మ ఆ పని చేసింది. పరగడుపున రక్తం తీయించి, స్కానింగులు చేయించి, చివరికి చిన్నపేగు మొదట్లో శనగగింజంత కణితి పట్టుకుంది. అది ఒక హార్మోను వదులుతుందట. ఆ హార్మోను రక్తంలో కలిసి, యాసిడ్ ఊరించమని కడుపుని తరుముతూనే ఉంటుందట. తిన్నా ఊరుతుంది, తినకపోయినా ఊరుతుంది. పుండ్లు పడక ఏమవుతుంది?

మీ ఇంట్లో ఇంకెవరికైనా పుండ్లు గానీ, కిడ్నీలో రాళ్ళు గానీ ఉన్నాయా అని ఆవిడ అడిగింది. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డలకి దిగుతుందట. అలాంటివాళ్ళకి మెడలోని గ్రంథులు కూడా పాడై, రక్తంలో కాల్షియం పెరిగి, రాళ్ళు పడతాయట. నా మెడ గ్రంథులూ పాడయ్యాయి. నాన్న రక్తం కక్కుకుని పోయాడు. చెల్లికి రెండుసార్లు రాళ్ళు తీశారు, ఇప్పుడు కడుపులో మంట అని నువ్వే రాశావు. మా పిల్లకి కూడా రక్తం తీసి పంపాం, ఫలితం రావాలి.

అందుకే చెల్లికి పరీక్ష చేయించమని రాశాను. తీసుకెళ్ళావు. అక్కడి డాక్టరు ఇంట్లోవాళ్ళ సంగతి అడిగితే ఏం చెప్పావో నీ ఉత్తరంలో గొప్పగా రాశావు. వాళ్ళ నాన్న తాగి పోయాడు, అన్న తాగి మానేశాడు, మా వంశంలో జబ్బుల్లేవు అన్నావట. ఆయన సరేనని మంటకి మాత్రలు రాసి, నీళ్ళు ఎక్కువ తాగమని పంపేశాడట. అది చదివి చేతిలో ఉన్న కటింగ్ ప్లేయరు గోడకేసి కొట్టాను.

నీకు జబ్బు కంటే తాగుడే నయమనిపించింది. తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు కదా.

నాన్న లారీ దిగి గుమ్మం ఎక్కగానే "ఊదు" అనేదానివి. మా ఇద్దరి ముందే ఆయన ఊదేవాడు. ఒక్కసారైనా వాసన వచ్చిందా అని పోయిన ఉత్తరంలో అడిగితే, వాసన రాకుండా తాగేవాళ్ళు లేరా అని రాశావు. ఆ సరుకు దొరికే కొట్టేదో చెప్పమ్మా, మా వీధిలో సగం మంది నీ పేరు చెప్పుకుని బతుకుతారు.

లారీ సీటు కింద సీసా దొరికిందంటావు. దొరికింది. మూత కూడా తియ్యకుండా ముందుగది గోడకేసి కొట్టావు. నాకప్పటికే ఊహ తెలిసింది. నీలం గోడ మీద కారింది తెల్లగా, సున్నంలా చిక్కగా. కడుపుమంటకి తాగే మందమ్మా అది. నాన్న వంగి గాజుపెంకులు ఏరాడు. నువ్వూ ఆ మరక చూశావు. చూడకపోతే మర్నాడే బీరువాని దాని ముందుకి ఎందుకు జరిపించావు?

ఇంకొకటి చెప్పకుండా ఆపాను. నాకు తగ్గుముఖం పట్టిందని పోయినసారి రాశాను. పట్టలేదు. ఆ కణితి తునకలు కాలేయంలో కూడా కనిపించాయి. సోమవారం ఆపరేషను. పూర్తిగా పోతుందని డాక్టరమ్మ అనలేదు. ఇది నిదానంగా పెరిగే రకం, మందులతో చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు అంది. ముందే పట్టుకుని ఉంటే కాలేయం దాకా పాకేది కాదేమో అని కూడా అంది. కదలగలిగితే నేనే వచ్చి చెల్లిని తీసుకెళ్ళేవాణ్ణి, నీకిన్ని మాటలు రాసేవాణ్ణి కాదు.

నన్ను చూడ్డానికి రావద్దు. ఆ సోమవారం చెల్లిని మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కాల్షియం, ఆ హార్మోను, రెండూ చూడమను. మా డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఈ కవర్లోనే పెట్టాను, ఇవ్వు. అది చదివినా ఆయన నిన్నే అడుగుతాడు, ఈ అమ్మాయి తండ్రి తాగేవాడన్నారు కదా అని. చెల్లి పక్కనే కూర్చుని ఉంటుంది. తాగేవాడు కాదని చెప్పు. గట్టిగా చెప్పు. నాన్న ఆ మాట నీ నోట వినకుండానే పోయాడు. ఆయన కూతురైనా విని బతకనీ.

ఇట్లు,
కోపం దిగని
నీ కొడుకు