బ్యాంకు మార్చినందుకు అన్నం మానకు

తమ్ముడు షఫ్నీర్‌కు,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరదలు రక్తపోటు మాత్రలు మానలేదు కదా? చిన్నదానికి దగ్గు పోయిందా? నేను బాగానే ఉన్నాను. ఇది చదివి నా ఇంట అన్నం ముట్టవేమోనన్నదే భయం.

నువ్వు తెరిపించిన, వడ్డీ లేని ఇస్లామీ బ్యాంకు ఖాతా మూసేశాను. మన బజారులో వాళ్ళ ఆఫీసు ఎత్తేసి, డబ్బులిచ్చే యంత్రం ఒక్కటి వదిలారు. దాని మీటలు నాకు అర్థం కావు. పడాంగ్ పట్నంలో వాళ్ళ ఆఫీసు దాకా వెళ్ళి చెప్పుకుంటే, "అందరూ నేర్చుకున్నారు అమ్మమ్మా, నువ్వూ నేర్చుకో" అన్నాడు అక్కడి కుర్రాడు, తలైనా ఎత్తకుండా.

బజారులోని మామూలు బ్యాంకు పిల్ల లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. వడ్డీ వద్దు తల్లీ, పాపం అన్నాను. "అందరూ పెంచమని పోట్లాడతారు, నువ్వేంటి అమ్మమ్మా!" అని నవ్వింది.

అయినా వడ్డీ పడింది. ఇమాము గారిని అడిగితే, మసీదుకు వద్దు, పుణ్యం ఆశించకుండా ఊరికి పనికొచ్చేదానికి ఇచ్చెయ్యమన్నారు. బస్టాండు మరుగుదొడ్డికి తలుపు పెట్టించాను. ఆడవాళ్ళు సంతోషించారు, నాకూ మనసు కుదుటపడింది. ఆ డబ్బుతో ఇంట్లోకి బియ్యపు గింజైనా కొనలేదురా.

రెందాంగ్ మాంసం కూర వండి, మీ ముగ్గురికీ పళ్ళేలు వేసి ఉంచుతాను. పన్నెండో తారీకు, శుక్రవారం, జుమా నమాజు అయ్యాక రండి.

అక్క