నికోబార్ బొమ్మ ఎవరికి చెందాలి

కీర్తిశేషులు సత్యనారాయణమూర్తి గారి భార్యను, దోహా నగరం అల్ సద్‌లో కాపురముంటున్న సుబ్బలక్ష్మిని, అరవై రెండేళ్ళదాన్ని, నేను రాసిన వీలునామా. గుండె నీరసించింది గాని బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నాకు సంక్రమించిన ఆస్తి నా తదనంతరం ఈ కింది విధంగా చెందాలని రాస్తున్నాను. అమలు జరిపే బాధ్యత మా అమ్మాయి ప్రతిమది.

1. కాకినాడ ఇల్లు ప్రతిమకూ, అబ్బాయి అమర్‌కూ చెరి సగం.

2. కుట్టుమిషను, రాళ్ళ గాజులు ప్రతిమకు. మిషను అప్పుడప్పుడు బిగుసుకుంటుంది. నూనె వేస్తే తిరుగుతుంది, కోప్పడితే తిరగదు.

3. మరిది వేణుగోపాలరావుకు ఏమీ లేదు. అన్నగారి మైల తీరకముందే, గోడమీది బొమ్మలు లండన్‌లో మంచి ధర పలుకుతాయన్నవాడి గురించి ఇంతకన్నా రాయను.

4. ఆ బొమ్మల సంగతి. మా వారు లండన్ వెళ్ళినప్పుడల్లా పాత యాత్రా గ్రంథాల్లోంచి విడదీసిన అచ్చుబొమ్మలు కొని, అద్దాలు కట్టించేవారు. తొలిసారి దీవులు చూసొచ్చిన ఓడలవాళ్ళు చెప్పగా, ఊరు కదలని పనివాళ్ళు రాగిరేకుల మీద చెక్కినవి. కింద ఓడ పేరు, కెప్టెన్ పేరు ఉంటాయి. బొమ్మలోని మనిషి పేరు ఒక్కదానికీ లేదు. సోఫా పైనున్నది నికోబార్‌ది. పడవల్లో నిలబడి చిలకలు అమ్మజూపుతున్న మగవాళ్ళు, ఒక్కొక్కరికీ వెనక తోక.

అమర్ తాను పెళ్ళాడబోయే రెబెక్కాను మొదటిసారి భోజనానికి తీసుకొచ్చాడు. ఇక్కడి క్లినిక్‌లో నర్సు. పుట్టింది కార్ నికోబార్‌లో, చదివింది విశాఖపట్నంలో. అతిథుల ముందు మా వారు ఆ బొమ్మ చూపించి, "మీవాళ్ళకి తోకలు ఎప్పుడు ఊడాయమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె చెంచా కింద పెట్టి, "అది తోక కాదంకుల్, గోచీ కొస. ఓడమీంచి చూసినవాడికి అలా కనబడింది" అంది.

మా నాన్నగారు పొలంలో గోచీ పెట్టుకునేవారు. దాని కొసా వెనక వేలాడేది. ఏళ్ళ తరబడి ఆ బొమ్మ కింద కూర్చుని కాఫీ తాగిన నాకు అది తట్టనే లేదు. తట్టాక కూడా లేచి అందరికీ పాయసం వడ్డించాను.

పెళ్ళికి మేం వెళ్ళలేదు. మనవరాలు చరితను ఒక్కసారైనా ఎత్తుకోకుండానే మా వారు పోయారు. కర్మలకు వచ్చినప్పుడు ఆ పిల్ల బొమ్మకేసి చూపించి, "వీళ్ళెవరు నాన్నమ్మా?" అంది. గుమ్మంలో రెబెక్కా నా జవాబు కోసం ఆగింది. "ఏవో పాత బొమ్మలు" అన్నాను. ఆమె పిల్లకు చెప్పులు తొడిగి తీసుకెళ్ళిపోయింది. తర్వాత టాక్సీలో అబూ హమూర్‌లోని వాళ్ళింటి దాకా వెళ్ళి, తలుపు తట్టడానికి మొహం చెల్లక తిరిగొచ్చాను.

బొమ్మలన్నీ సర్వహక్కులతో రెబెక్కాకు. ఉంచుకున్నా, చింపేసినా ఎందుకని అడిగే అధికారం అమర్‌కు కూడా లేదు.

5. నా చంద్రహారం చరితకు. దాంతోపాటు ఈ నాలుగు మాటలు, వాళ్ళమ్మ ఒప్పుకుంటేనే చదివి వినిపించాలి: వాళ్ళు మీ అమ్మ ముత్తాతలు, తల్లీ. కొత్త ఓడ వస్తే పలకరించడానికి తమ పడవల్లో ఎదురెళ్ళారు. తోకలు చెక్కినవాడు వాళ్ళను చూడలేదు. మీ అమ్మను నేను చూశాను. అయినా ఊరుకున్నాను.

స్వహస్తంతో రాసి, సాక్షుల ఎదుట చదివి చేవ్రాలు చేశాను.

దోహా, 1997 మార్చి 14, శుక్రవారం.

(సం) సుబ్బలక్ష్మి

సాక్షులు: కింది అంతస్తులో ఉంటున్న దంపతులు
(సం) బుర్హానుద్దీన్
(సం) జహనారా