గిన్నెల కొట్టు పైన బేస్ గిటార్

మండపేట,
24 సెప్టెంబరు 2025, బుధవారం.

ప్రియమైన ప్రిస్కిల్లాకి,

హేమశ్రీ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తయ్యగారు, మావయ్యగారు, మా ఆయన, కొట్లో ఉన్న గిన్నెలూ గంగాళాలూ అందరం క్షేమం. అక్కడ రాజమండ్రిలో నువ్వూ, మీ అమ్మగారూ, విజయ్ పాల్ అన్నయ్యా క్షేమమేనని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరం ఏంటే అని నవ్వకు. మా కొట్లో నిలబడి ఫోన్‌లో మాట్లాడితే సగం మండపేట వింటుంది. అదే కాగితం మీద రాస్తుంటే, పాపం కోడలు లెక్కలు చూసుకుంటోంది అనుకుంటారు. పైగా ఫోనెత్తితే నువ్వు అడగ్గానే సరేననేస్తాను, తర్వాత నాలిక్కరుచుకుంటాను.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. విన్నదే వింటున్నాను. నవంబరు తొమ్మిది ఆదివారం సాయంత్రం రాజమండ్రిలో మన బృందం కార్యక్రమం! ఎవరి రిసెప్షన్‌లోనో భోజనాల చప్పుడు మధ్య కాదు, మన పేరు మీద, మన పాటల కోసమే వచ్చి కూర్చునే జనం ముందు. కాలేజీ రోజుల నుంచీ మనం అనుకుంటున్నది ఇదేగా. నువ్వు పాడతావు, అన్నయ్య డ్రమ్స్, రమేష్ బాబు కీబోర్డు, నేను బేస్ గిటార్. అంతవరకూ బావుంది. చివర్లో ఒక మాటన్నావు చూడు, హేమ ఈసారి కూడా రాకపోతే రమేష్ బాబు కీబోర్డు మీద ఎడం చేత్తోనే బేస్ లాగించేస్తాడు, ఇక మీదట తన కోసం ఆగేది లేదని అన్నయ్య తేల్చి చెప్పాడని. అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు.

మా ఇంట్లో ఒప్పుకోరే. నీకు తెలియంది ఏముంది. పెళ్ళయి మూడేళ్ళయినా నేను బేస్ వాయిస్తానని అత్తయ్యగారికీ మావయ్యగారికీ తెలియదు. మా ఆయనకి తెలుసు. కానీ ఉదయభాస్కర్ గారు దేనికైనా చూద్దాం అంటారు. ఫ్రిజ్ మారుద్దామా అంటే చూద్దాం. వాన మొదలైంది, బట్టలు తీసెయ్యనా అన్నా చూద్దాం. ఆ మనిషిని పట్టుకుని రాజమండ్రి వెళ్ళి స్టేజీ ఎక్కుతానని ఎలా చెప్పను?

నా రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, విను. పొద్దున్నే కొట్టు ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేస్తాను. తర్వాత స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే మిషను నా చేతికొస్తుంది. గృహప్రవేశాలకీ ఓణీల ఫంక్షన్లకీ కొన్న గిన్నెలన్నిటి మీదా ఎవరెవరి పేర్లో చెక్కుతూ ఉంటాను. ఆ మిషను ఎప్పుడూ ఒకే శ్రుతిలో జుయ్యిమంటుంది. దాని కింద నోట్లోనే నేను ఇంకో స్వరం పట్టుకుంటాను. కొన్నవాళ్ళు నేను లలితా సహస్రనామం చదువుకుంటున్నాననుకుంటారు.

మధ్యాహ్నం అత్తయ్యగారు ఆడవాళ్ళకి కోలాటం నేర్పడానికి వెళ్ళగానే, మేడ మీద సామాను గదిలో పెద్ద ఇత్తడి బాయిలరు వెనక దాచిన గిటార్‌నీ దాని స్పీకర్‌నీ తీస్తాను. ఎంత నెమ్మదిగా మీటినా లావు తీగ పలికేసరికి కింద కొట్లో పేర్చిన పళ్ళేలన్నీ గలగలమంటాయి. ఏంట్రా ఆ చప్పుడు అని గల్లాపెట్టె దగ్గర్నుంచి మావయ్యగారు అడుగుతారట. లారీ వెళ్ళింది నాన్నా అని మా ఆయన చెబుతారట. మండపేటలో రైసుమిల్లులు ఉన్నంతకాలం లారీలకి కొదవేముంది!

అన్నయ్యకి అప్పుడే కాదని చెప్పకు. అలాగని వస్తానని కూడా చెప్పకు. నాకు మా ఆయన జబ్బు అంటుకున్నట్టుంది.

ఇట్లు,
నీ హేమ


మండపేట,
5 అక్టోబరు 2025, ఆదివారం.

ప్రియమైన ప్రిస్కిల్లాకి,

నీ కుశలం అడగడానికి కూడా ఓపిక పట్టలేకపోతున్నాను. నువ్వు బాగానే ఉంటావులే. ముందు నా సంగతి విను.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో పనిముట్టన్నది ఏదీ మూల ఉండకూడదు. కాటా, గల్లాపెట్టె, పేర్లు కొట్టే మిషను, స్కూటరు, అన్నిటినీ కడిగి తుడిచి బొట్లు పెడతారు. నేను బంతిపూల కోసం బజారుకి వెళ్ళాను. అత్తయ్యగారు ఏం తోచిందో ఏమో, తళతళలాడే వస్తువొకటి ముందుండాలని సామాను గదిలోకి వెళ్ళి ఆ ఇత్తడి బాయిలరు బయటికి లాగించారు. దాని వెనకేముందో నీకు తెలుసుగా.

నేను పూలతో వచ్చేసరికి నా గిటార్ దేవుడి ముందు పీట మీద పడుకుని ఉంది. తీగలు ఇత్తడి రంగులో ఉన్నాయని చింతపండు పెట్టి తోమేశారు ప్రిస్కీ! మా అత్తయ్య మాణిక్యాంబ గారి చేతికి అందిన ఇత్తడి ఏదీ మాసి ఉండదు. ఒళ్ళంతా పసుపు. పక్కన స్పీకర్ వైరు గుచ్చే గుండ్రటి కన్నం ఉంటుంది కదా, అది బొట్టు కోసమే చేశారనుకుని దాన్నిండా కుంకుమ కూరారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో పూలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆవిడ కోప్పడలేదు. ఇదేం వీణమ్మా, బొత్తిగా నాలుగే తీగలున్నాయి అని మాత్రం అడిగారు. అలాంటిదేనండి అన్నాను. నీదేనా అన్నారు. అవునండి అన్నాను. అయితే రేపు దశమి, పూజ చేసిన పనిముట్టు దశమినాడు చేతబట్టకపోతే ఏడాదంతా పని సాగదు, పొద్దున్నే వాయించు అన్నారు. నేను ఆవిడ కొడుకు వంక చూస్తే ఆయన స్కూటరుకి మూడోసారి బొట్టు పెడుతున్నారు.

మర్నాడు అందరూ చాప వేసుకుని కూర్చున్నారు. వైరు గుచ్చగానే స్పీకరు బరబరమంది. గొంతులో కుంకుమ పడితే ఎవరికైనా అంతేగా! దూది చుట్టిన పుల్లతో నేనే కన్నం తుడుచుకున్నాను. ఎర్రగా వస్తూనే ఉంది. చివరికి పలికింది. లావు తీగ మీటాను. కింద పళ్ళేలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. మావయ్యగారు నేలకేసి చూశారు, తర్వాత కొడుకుకేసి చూశారు. అయితే అవి లారీలు కావన్నమాట అన్నారు.

అత్తయ్యగారు కాసేపు శ్రద్ధగా విని, పాటేదమ్మా, ఇందాకట్నుంచి పాట మొదలవుతుందని చూస్తున్నాను అన్నారు. పాట వేరేవాళ్ళు పాడతారండీ, ఇది దాని కిందుంటుంది అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావు అన్నారు. ఇంక నాకు ఎక్కడలేని మాటలూ వచ్చేశాయి. ధవళేశ్వరంలో మా నాన్నగారి క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు, వరదలకి బ్యారేజీ గేట్లెత్తితే కిటికీ అద్దాలు వణికేవని, ఆ హోరు విని అందరూ భయపడుతుంటే నేను కిటికీకి చెంప ఆనించి నిద్రపోయేదాన్నని చెప్పాను. పెళ్ళిళ్ళలో అందరూ సన్నాయి వింటుంటే నేను డోలు పక్కన చేరేదాన్ననీ చెప్పాను. కాలేజీ బస్సులో ఇళయరాజా గారి పాటలొస్తే నువ్వు పల్లవి పాడేదానివి, నేను కింద నడిచే బేస్ పాడేదాన్ని, డ్రైవరు మనిద్దర్నీ తిట్టేవాడు, అదీ చెప్పాను. క్రిస్మస్‌కి మీ చర్చికి వస్తే విజయ్ పాల్ అన్నయ్య అప్పట్లో డ్రమ్స్ కాదు, బేస్ వాయిస్తూ కనిపించాడని, ఆ రోజే అన్నయ్యని నేర్పమని పట్టుకున్నానని కూడా చెప్పాను. అన్నీ చెప్పాను. తొమ్మిదో తారీఖు సంగతి తప్ప.

రేపట్నుంచి కోలాటానికి నువ్వూ రా, అది కూడా తెచ్చుకో అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు.

సంతోషించాలి కదా? సంతోషంగానే ఉంది. అయినా కుదురు లేదు. ఇంట్లో చాప మీద వాయించడం వేరు, రాజమండ్రి వచ్చి స్టేజీ ఎక్కడం వేరు. దానికి మాత్రం ఒప్పుకోరు.

ఇట్లు,
చేతులింకా ఎర్రగా ఉన్న నీ హేమ


మండపేట,
6 నవంబరు 2025, గురువారం.

ప్రియమైన ప్రిస్కిల్లాకి,

ఇక్కడ కార్తీకమాసం చలి మొదలైంది, అందరం బాగున్నాం. నీ గొంతు ఎలా ఉంది? పాడే ముందు ఐస్‌క్రీము తినకు.

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. ఇది మూడోది. విషయం చెప్పేస్తాను. నేను రాలేనే.

కోలాటం సంగతి చెప్తే నీకే అర్థమవుతుంది. మా అత్తయ్యగారి బృందంలో ఇరవై మంది దాకా ఆడవాళ్ళున్నారు. అందరికీ ఒకటే జబ్బు, తొందర. స్పీకర్‌లో పాట తన దారిన తను నడుస్తుంటే వీళ్ళు దాన్ని దాటుకుని పరిగెడతారు. ఇంటిదగ్గర పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టే ఆడతారు. చరణం సగంలో ఉండగానే వీళ్ళ ఆట అయిపోతుంది. మీనాకుమారి గారి వేళ్ళకి కర్ర తగలని రోజు లేదు, ఆవిడ బేబీ గారిని తిట్టని రోజూ లేదు.

నేను ఒక మూల కూర్చుని పాట కింద నాలుగు స్వరాలు, అంతే, తిప్పి తిప్పి వాయించాను. మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండోరోజు బేబీ గారు ఆగిపోయి, ఈ అమ్మాయి వాయించేది చెవికి వినపడట్లేదు కానీ కాళ్ళకి తెలుస్తోందే అన్నారు. మరో వారానికి అందరి అడుగూ ఒకేసారి నేల మీద పడింది. ఆ చప్పుడు నీకు వినిపించాలి ప్రిస్కీ. అత్తయ్యగారు పమిటతో మొహం తుడుచుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. అన్నవరం కొండ మీద వీళ్ళ కోలాటానికి అనుమతి వచ్చింది. ఏ రోజనుకున్నావు? తొమ్మిదో తారీఖు ఆదివారమే. పొద్దున్న. వ్యాను మాట్లాడారు, అందరికీ ఒకే రంగు చీరలు కొన్నారు, నాక్కూడా. ఇన్నాళ్ళకి ఆవిడ నన్నొక దానికి రమ్మన్నారు. అదే రోజు నా స్నేహితురాలి కార్యక్రమం ఉంది, రాజమండ్రి పోతానంటే ఏమంటారు? మావయ్యగారు మొహం తిప్పుకుంటారు. మా ఆయన చూద్దాం అంటారు. ఆవిడైతే సరేసరి. ఒప్పుకోరు ప్రిస్కీ, ఈ ఇంట్లో అలాంటివి ఒప్పుకోరు.

అందుకని నాకోసం ఆగొద్దు. రమేష్ బాబునే వాయించమను. అన్నయ్యకి నా మీద కోపం వద్దని చెప్పు. కోపం వస్తే రానీలే, న్యాయమే. నేను పేర్లు చెక్కుకుంటూ ఇక్కడే ఉంటాను.

నువ్వు బాగా పాడాలి. పాడతావు.

ఇట్లు,
ఎప్పటికీ నీ స్నేహితురాలు,
హేమశ్రీ

తా.క. ఆదివారం మధ్యాహ్నం. రాత కొక్కిరిబిక్కిరిగా ఉంటే తప్పు నాది కాదు, వ్యానుది. అన్నవరంలో కోలాటం అయింది, జగ్గంపేట దాటాం.

శుక్రవారం ఈ ఉత్తరం పోస్టు చేయడానికి బయల్దేరుతుంటే, నేనూ బజారుకే వెళ్తున్నాను, నేను వేస్తాలే అని అత్తయ్యగారు చెయ్యి చాపారు. లోపల ఆవిడ గురించి ఏం రాశానో గుర్తొచ్చి ఇవ్వకుండా గట్టిగా పట్టుకున్నాను. పైన నీ పేరు చూశారు. మీ పెళ్ళిలో పాడిన పిల్లే కదా, ఇప్పుడేం చేస్తోంది అన్నారు. ఆదివారం సాయంత్రం కార్యక్రమం ఉందని చెప్పాను. నువ్వు వాయించేది వాళ్ళతోనేనా అన్నారు. అవునండి అన్నాను. వెళ్ళాలనుందా అన్నారు. అన్నవరం ఉంది కదండీ అన్నాను. నేను అడిగింది అన్నవరం సంగతి కాదమ్మా, వెళ్ళాలనుందా అన్నారు.

ఉందండీ అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలుసా? ఆవిడ ఓపిగ్గా నిలబడ్డారు. ఆ తర్వాత, మరి ఇన్నాళ్ళూ అడగలేదేం అన్నారు.

నిజం అదే ప్రిస్కీ. నీకు మూడు ఉత్తరాల నిండా ఒప్పుకోరు, ఒప్పుకోరు అని రాశాను. ఒప్పుకోకపోవడానికి నేను ఒక్కసారైనా అడిగితే కదా! మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే కాదంటారని భయం కాదు. సరే వెళ్ళిరా అంటారని భయం. వెళ్ళమంటే రావాలి. వస్తే మీ ముందు వాయించాలి. మీరు ముగ్గురూ మూడేళ్ళుగా కలిసి వాయిస్తున్నారు, నేను గిన్నెలకి వినిపించాను. నా చెయ్యి మొద్దుబారిపోయిందని మీ మొహాల్లో కనిపిస్తే నేను తట్టుకోలేను. అందుకే మంచి మనుషుల్ని అడ్డం పెట్టుకున్నాను.

ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నేనెంత పిరికిదాన్నో నువ్వు చదవాలి. పోస్టులోనూ వేయలేదు. వ్యాను మండపేటకి తిన్నగా పోకుండా రాజమండ్రి మీదుగా వెళ్తోంది, అత్తయ్యగారే తిప్పించారు. మా ఆయన చూద్దాం అనబోతే, ఇంకేం చూస్తావురా అన్నారట.

ఇది నీ చేతిలో పెట్టి నీ ఎదురుగానే నిలబడి ఉంటాను. ఏమీ అనకు. చదవడం అయ్యాక తలెత్తి, మొదటి పాట ఏ శ్రుతో చెప్పు చాలు.