మూడో పిలుపు

సత్తిరాజు బావగారికి,

గట్టుమీది కొబ్బరిచెట్టు కోసం మీరు నామీద వేసిన కేసుకి, మీరు పోయాక ఇవాళే మొదటి వాయిదా. ముక్తేశ్వరం నుంచి ఒక్కణ్ణే వెళ్లాను. వెనక సీట్లో కూర్చుని "నెమ్మదండీ, నన్ను పడేస్తే కేసు మీదే అయిపోద్ది" అనే మీరు లేక స్కూటరు తేలిగ్గా పోయింది.

కొత్త జడ్జిగారు వచ్చారు. తలుపు మీద ఆర్డరు అంటించారు. మూడో పిలుపుకి వాది పలక్కపోతే కేసు కొట్టేస్తారట. వాయిదా కావాలంటే వకీలు కాదు, కక్షిదారే నిలబడి కారణం చెప్పాలట. పాత జడ్జిల దగ్గర మీ వకీలు మీ నడుంనొప్పి చెప్పి ఎన్ని వాయిదాలు తెచ్చాడో! ఒక్కోసారి ఎంత మండేదో నాకు!

బంట్రోతు మీ పేరు మూడోసారి పిలిచాడు. ముందు లోపలికెళ్లినవాడు ఇద్దరికీ పలకడం మన అలవాటు కదా, "ఆయ్, వచ్చేరండీ!" అనేశాను.

"మీరెవరు?" అన్నారు జడ్జిగారు.

"ప్రతివాదినండీ."

"ఆయన పలక్కపోతే లాభం మీకేగా?"

కోర్టంతా నవ్వింది. మీరు లేరని అప్పుడు చెప్పాను. నవ్వు ఆగింది.

"ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టండి. వారసులకి నోటీసు పంపుదాం" అన్నారాయన.

పదకొండేళ్లు మీమీద పేజీలకి పేజీలు రాయించినవాణ్ణి. వరండాలో కూర్చుని మీ పేరు రాశాను. ఆ పక్కన ఇంకో మాట పడలేదు.

మళ్లీ లోపలికెళ్లి నిలబడ్డాను.

"వాయిదా ఇప్పించండి బాబూ."

"కారణం?"

"నడుంనొప్పండీ" అన్నాను.