నేను అనేసిన ఆమెన్

శుక్రవారం, నాచారం

రెండోసారీ కడుపు నిలవలేదని నన్ను ఓదార్చడానికి చర్చివాళ్లు ఇవాళ మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. ఉప్పల్ నుంచి వచ్చిన సరోజక్క నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డ లోపల ఏదన్న దాసిపెట్టిన పాపముంటే తీసెయ్యి తండ్రీ" అంది. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అనేశాను! తర్వాత ఒళ్లు మండిపోయింది.

పైగా చాయ్ తాగుతూ, "ఫికర్ జెయ్యకు, గిదంత దేవుని ప్లాన్" అంది. దేవా, ఆమెకు చెప్పావా ఆ ప్లాన్? నాకు చెప్పలేదే!

ప్రభువా, ఆ ఆమెన్ వెనక్కి తీసుకుంటున్నాను. నీ చిత్తమే జరగనీ అనడానికి ఇంకా నోరు రావడం లేదు. అయినా ఈ కోపం నీకు కాక ఎవరికి చెప్పుకోను? ఈ ఒక్క రాత్రికి సరోజక్క ప్రార్థన పక్కన పెట్టి, నాది విను.