మూడు రోజుల బిల్లు

జనవరి 28, మంగళవారం

బిల్లు ఈరోజు మా రాష్ట్ర సెనేట్ సభలో చదివారు. చదివారంటే గుమాస్తా నంబరు, పేరు గడగడా అనేసి పక్కన పడేశాడు. తుపాకీ కొన్నవాడికి మూడు రోజులు ఆగాకే దాన్ని చేతికివ్వాలి. అంతే. పేజీన్నర. పైన నా పేరు.

సాయంత్రానికి ఫోన్లో నలభై ఒక్క మెసేజీలు. ఒకడు, దొంగ ఇంట్లో దూరితే మూడు రోజులాగి రమ్మని చెప్పాలా డోరీన్, అని అరిచాడు. గొంతు గుర్తుపట్టాను. బడి బస్సు నడిపిన రోజుల్లో వాడిని ఎనిమిదేళ్లు తిప్పాను. అప్పుడూ ఇలాగే అరిచేవాడు.

ఫిబ్రవరి 6, గురువారం

తోటి సెనేటర్ మెర్ల్ కారులోనే రాజధానికి వచ్చాను. పన్నెండేళ్లుగా అంతే. ఆయనది ఆ పార్టీ, నాది ఈ పార్టీ, కానీ రోడ్డు ఒక్కటే. డెబ్బై మైళ్లు. ఇద్దరికీ రెండు కార్ల పెట్రోలు దండగ.

దారి పొడుగునా నా బిల్లును తిట్టాడు. నీ ఇంట్లోనే మూడు తుపాకులున్నాయి కదే అమ్మాయ్, నవంబరు వస్తే దుప్పిని కొట్టకుండా ఉండవు, నీకెందుకీ పోయేకాలం, అన్నాడు. నా వయసు అరవై ఒకటి. ఆయనకు డెబ్బై ఆరు, కాబట్టి నేను అమ్మాయినే. ఆ మూడింటినీ ఎవరు పట్టుకుపోతున్నారు పెద్దాయనా, అన్నాను. కొత్తగా కొనేవాడి సంగతి మాట్లాడుతున్నాను. ఈరోజు మూడు రోజులంటారు, రేపు ముప్పై అంటారు, అన్నాడు. ఆ వాదన నాకు నోటికొచ్చు.

తర్వాత తనే నవ్వాడు. గుండె ఆపరేషన్‌కి డాక్టర్లు తనకు మూడు నెలల వెయిటింగ్ పెట్టారట. నా ప్రాణానికి మూడు నెలలు ఆగుతున్నాను, తుపాకీకి మూడు రోజులంటే మండిపడుతున్నాను, ఈ మాట పత్రికలవాళ్లకి చెప్పావో నిన్ను దారిలో దింపేస్తా, అన్నాడు.

సభ తలుపు దగ్గర ఫోన్ల బుట్టలో ఆయన మడత ఫోను, దాని మీద నాది. లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదు. పాత నియమం. నాకిష్టమే. కనీసం ఆ రెండు గంటలైనా ఎవరూ తిట్టరు.

ఫిబ్రవరి 13, గురువారం

కమిటీ విచారణ. వరండా నిండా బిల్లు వద్దనేవాళ్ల నారింజరంగు వేటకోట్లు. సగం మంది మా జిల్లావాళ్లే. వాళ్లలో ముగ్గురు నా భర్త రాయ్ శవపేటిక మోసినవాళ్లు. వాళ్లు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోకుండా తిట్టినా బాగుండేది.

తొంభై ఎనిమిది మంది మాట్లాడతామని పేర్లిచ్చారు. మనిషికి రెండు నిమిషాలు. గెయిల్ వంతు డెబ్బై రెండోది. పొద్దున తొమ్మిదికి వచ్చి కూర్చున్న మనిషిని మూడున్నరకి పిలిచారు.

గెయిల్ కొడుకు కోల్బీ. తొమ్మిదేళ్లు బస్సులో నా సీటు వెనకాలే కూర్చున్నాడు. వేరే చోటు ఖాళీ ఉన్నా అక్కడే. కిందటి మే నెలలో, ఒక శనివారం, మనసు విరిగిన రోజున, పది గంటలకు దుకాణానికి వెళ్లి తుపాకీ కొన్నాడు. ఒంటిగంటకు లేడు. ఇరవై మూడేళ్లు. అంతకుముందు రోజే తమ్ముడికి సైకిలు బాగుచేసి పెట్టాడు.

గెయిల్ కాగితం చూడకుండా మాట్లాడింది. ఏడవలేదు. ఆ రోజు దుకాణంలో మావాడు, అని మొదలుపెట్టగానే గంట మోగింది. అధ్యక్షుడు థ్యాంక్యూ మేడమ్ అన్నాడు. ఆమె నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. డెబ్బై మూడో మనిషిని పిలిచారు.

ఆ వాక్యం ఏమిటో తర్వాత అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఫిబ్రవరి 14, శుక్రవారం

నిద్ర. నిద్ర తప్ప ఏమీ వద్దు.

మార్చి 4, మంగళవారం

మా ఊరి వార్షిక సభ. బీన్స్, రొట్టె, యాపిల్ పై, తిట్లు. వంటగదిలో పళ్లేలు కడుగుతుంటే ఒకామె పక్కకొచ్చి, రాయ్ బతికుంటే ఊళ్లో తలెత్తుకోగలిగేవాడా, అంది. రాయ్ బతికుంటే ముందు ఆ పళ్లెం తుడిచిపెట్టు అనేవాడమ్మా, అన్నాను. ఆమె తుడిచింది. ఇంటికొచ్చాక ఏడ్చాను.

మార్చి 11, మంగళవారం

లెక్క కుదిరింది. ముప్పై మందిలో పదహారు మంది మావైపు. మా సభానాయకుడు ప్రెంటిస్ వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టి, ఓటింగ్ వచ్చే మంగళవారం, అందాకా నువ్వెవరితోనూ పోట్లాడకు తల్లీ, అన్నాడు.

మధ్యాహ్నం మెర్ల్ నా బల్ల దగ్గరకొచ్చాడు. ఆపరేషన్ తేదీ ఇచ్చారట, ఇరవయ్యో తారీకు, గురువారం. ఆ రోజుకి నాతో జత కట్టు, అన్నాడు.

జత అంటే ఇక్కడ పెళ్లికన్నా గట్టి మాట. రాలేనివాడు అవతలి పార్టీలో ఒకరిని అడుగుతాడు. ఒప్పుకున్నవాళ్లు ఆ రోజు తమ ఓటు వేయరు. వాడి ఓటు, వీడి ఓటు చెల్లుకు చెల్లు. కాగితం ఉండదు. ఆ రోజు ఏ బిల్లు వస్తుందని అడగడం అమర్యాద. అడిగిన వాడే విడిపించాలి తప్ప ఇచ్చినవాళ్లు తెంచుకోకూడదు. యాభై ఏళ్లలో ఒక్కడే తెంచాడట. అతను పోయాక కూడా అతని కుర్చీలో కూర్చోవడానికి జనం జంకేవాళ్లట.

చెయ్యి చాపాడు. కలిపాను. ఆ రోజు ఉన్నవి పాల శీతలీకరణ, వంతెనలు. దానికేం భాగ్యం అనుకున్నాను.

మార్చి 18, మంగళవారం

ఇరవై రెండు అంగుళాల మంచు. రాజధాని మూసేశారు. ఓటింగ్ వాయిదా.

ఏ రోజుకో అడగక్కర్లేదు. అవతలి సభకు బిల్లులు పంపే గడువు గురువారం.

మార్చి 19, బుధవారం

కొంపలేం మునగలేదు, అనుకున్నాను పొద్దున. మావి పదహారు, నేను పోతే పదిహేను. వాళ్లవి పద్నాలుగు, మెర్ల్ పోతే పదమూడు. గట్టెక్కుతాం.

పదకొండింటికి లూసియన్ జారిపోయాడు. మా పార్టీవాడే, నది అవతలి జిల్లా. నా వల్ల కాదు డోరీన్, మా ఆవిడ కిరాణా కొట్టుకి వెళ్తే మొహం మీదే తలుపేశారు, అన్నాడు. తిట్టలేకపోయాను. నాకూ తలుపులు తెలుసు.

పద్నాలుగు, పద్నాలుగు. సమానమైతే బిల్లు పోయినట్టే. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ప్రెంటిస్ తన గదికి పిలిచి తలుపేశాడు. మెర్ల్‌కి ఫోన్ చెయ్యి, విడిపించమని అడుగు, అన్నాడు. చెయ్యనన్నాను. అయితే తెంచుకో, పోయిన పిల్లాడికన్నా నీ మాట ఎక్కువా, అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేశాక తనే కుర్చీలో కూలబడి క్షమించమన్నాడు.

రేపు పొద్దున ఛాతీ కోయించుకోబోతున్న మనిషికి ఫోన్ చేసి నీ ఓటు వదులుకో అని ఎలా అడగను? ఆయనకు ఇష్టంలేని బిల్లు కోసం! ఆయన భార్య ఆర్లీన్ ఫోన్ ఎత్తుతుంది. ఎలా ఉన్నారు అని అడిగి, ఆ వెంటనే ఇది అడగాలా? మనిషన్నవాళ్లు చేసే పనేనా?

ఫోన్ చేతిలో పట్టుకుని గంట కూర్చున్నాను. చేయలేదు.

మార్చి 20, గురువారం. ఉదయం 6

హోటల్ గది. కాఫీ చేదు. గెయిల్ గ్యాలరీలో కూర్చుంటానని మెసేజ్ పెట్టింది. సరే అని పెట్టాను. అంతకన్నా ఏం పెట్టను.

ఉదయం 9.40

లోపలికి వెళ్లాలి. ఇంకా ఇరవై నిమిషాలు చేయొచ్చు. చేయను. ఆయన్ని ఈపాటికి లోపలికి తీసుకెళ్లి ఉంటారు. అలా అనుకుంటే తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం 12.15

పోయింది.

నా పేరు పిలిచారు. లేచాను. సెనేటర్ మెర్ల్‌తో జతలో ఉన్నాను, ఓటు వేసి ఉంటే అవునని వేసేదాన్ని, అన్నాను. ఆ వాక్యం అలాగే అనాలి. వరండాలో అరుపులు వినిపించాయి. సంతోషమో కోపమో తెలియలేదు. పైకి చూడకూడదనుకున్నాను, చూశాను. గెయిల్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. ఒక గుండీ తప్పు కన్నంలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది.

అవతలి పార్టీవాళ్లు నలుగురు వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. పెద్దమనిషివి అన్నారు. చెయ్యి కడుక్కోవాలనిపించింది.

మధ్యాహ్నం 12.40

బుట్టలోంచి ఫోన్ తీసుకున్నాను. ఆర్లీన్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్. మెర్ల్ పోయాడనుకున్నాను.

పోలేదు. ఆపరేషన్ ఆలస్యమైందట. వార్డులో టీవీలో సభ పెట్టించుకుని చూస్తున్నాడట. ఆర్లీన్ మెసేజ్ మొత్తం రాసుకుంటున్నాను, మర్చిపోకుండా. డోరీన్, ఈయన నిన్ను విడిపిస్తున్నాడు, వింటున్నావా, ఛాతీ కోయించుకోడానికి జత అడిగాను కానీ నీ బిల్లు గొంతు కోయడానికి కాదు అంటున్నాడు, వెళ్లి ఓటేసుకో అంటున్నాడు, ఫోన్ ఎత్తు తల్లీ, నర్సు వచ్చేసింది.

టైము 10.31.

మార్చి 21, శుక్రవారం

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 30, ఆదివారం

ఆసుపత్రికి వెళ్లాను. మెర్ల్ కుర్చీలో కూర్చున్నాడు. ఛాతీకి దిండు అదుముకుని దగ్గుతున్నాడు. సగం మనిషయ్యాడు. గొంతు మాత్రం అలాగే ఉంది.

ఎందుకు అడగలేదే, అన్నాడు.

మీరు ఆపరేషన్ బల్ల ఎక్కబోతుంటే ఎలా అడుగుతాను, అన్నాను.

అడగందే అమ్మయినా పెట్టదు, అన్నాడు. ముందు రోజు రాత్రి తొమ్మిదిదాకా నా పక్కలోనే ఫోనుంది, నువ్వు చేస్తావని చూశాను, గడువు గురువారమని నాకు తెలియదా, నువ్వు అడిగితే తిట్టి ఇచ్చేవాణ్ని, అన్నాడు. మీరే ముందు చేయొచ్చుగా, అన్నాను. అది నాకిష్టంలేని బిల్లు, నా అంతట నేను పళ్లెంలో పెట్టి ఇస్తానా, అడిగితే కాదనలేనంతే, తీరా టీవీలో నిన్ను చూశాక ఉండబట్టలేదు, అన్నాడు.

అలా ఇద్దరం మర్యాదస్తులమే. ఆయన అడిగించుకోవాలనుకున్నాడు, నేను అడగకూడదనుకున్నాను. ఆర్లీన్ ఇచ్చిన జెల్లీ తిని వచ్చేశాను. దారంతా బురద.

ఏప్రిల్ 8, మంగళవారం

సభ పుస్తకం అచ్చయి వచ్చింది. ఓటింగ్ మొదలైన సమయం 10.52. ఇదే బిల్లును మళ్లీ తేవాలంటే రెండేళ్లు, అదీ నన్ను మళ్లీ గెలిపిస్తే.

ప్రెంటిస్‌కి చెప్పాను. వేళ్ల మీద పదిహేను దాకా లెక్కపెట్టి ఆగాడు. అదే పెద్ద శిక్ష.

గెయిల్‌కి చెప్పాలి. వేరేవాళ్ల నోట వినకూడదు.

ఏప్రిల్ 12, శనివారం

గెయిల్ వాళ్ల వంటింట్లో కూర్చుని మొత్తం చెప్పాను. తను కోప్పడలేదు. ఆర్లీన్ మెసేజ్‌కీ ఓటుకీ మధ్య ఎన్ని నిమిషాలు, అని మాత్రం అడిగింది.

ఇరవై ఒకటి, అన్నాను.

కాఫీ పోసింది. తర్వాత చెప్పింది. ఆ రోజు దుకాణంలో కోల్బీకి పదకొండు నిమిషాలే పట్టాయట, లోపలికి వెళ్లి, కాగితం మీద సంతకం పెట్టి, తుపాకీతో బయటికి రావడానికి. కమిటీలో గంట మోగినప్పుడు తను చెప్పబోయింది అదేనట.