జనుము పూత దాటిపోయింది

భ్రమరా,

నిన్నటితో నీ సంవత్సరీకం అయింది. వంగ వేసే మడిలో పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లిన జనుము ఇంకా నిలబడే ఉంది. నువ్వుంటే ఈపాటికి దాన్ని దున్నించి, మట్టిలో కుళ్ళనిచ్చి, నారు కూడా నాటించేదానివి.

పూత మొదలైన రోజున నీలాగే ఒక మొక్క పీకాను. వేరుకున్న బుడిపెను గోటితో చిదిపితే లోపల ఎర్రగా కనిపించింది. అది చూసి నువ్వు "రేపు దున్నించండి" అనేదానివో, "నాలుగు రోజులు ఆగండి" అనేదానివో నాకు తెలియలేదు. ఆగాను. ఆ తర్వాత రోజూ ఒక మొక్క పీకి, చిదిపి, చూసి, ఇంటికి వచ్చేశాను.

ఇవాళ ట్రాక్టరు తోలే వెంకటేశ్వర్లు గట్టు మీద నిలబడి నసిగాడు. "కాయ పట్టేసిందండి బాబాయ్. బుడిపె ఎర్రగా ఉన్నప్పుడే దున్నెయ్యాలండి. గాలిలోంచి పట్టిన నత్రజని అప్పుడు ఆకులో, కాడలో ఉంటది. ఇప్పుడు చాలావరకు గింజలోకి పోయింది. కాడ కూడా పుల్లయిపోయింది, తొందరగా కుళ్ళదు. పిన్నిగారు చెప్పలేదాండి?"

చెప్పలేదని నిన్ను అనలేను. రైతుబజారులో మన వంకాయల్ని ఎవరైనా మెచ్చుకుంటే "మా జనుము చలవండి" అనేవాణ్ని, నీ పేరు చెప్పేవాణ్ని కాదు.

"మరి దున్నెయ్యమంటారా?" అన్నాడు వెంకటేశ్వర్లు. అలవాటుగా నువ్వు నిలబడే చోటికి చూశాను.

ముప్పై ఏళ్లూ ఎప్పుడు దున్నించమంటావని నిన్ను అడిగాను. ఆ బుడిపెలో ఏం చూస్తున్నావని ఒక్కసారీ అడగలేదు.